బాలింత కట్టు

కార్వాన్ బస్తీలో సుశీలమ్మ చేయి పడని బాలింత లేదంటే అది గొప్పలు చెప్పుకోవడం కాదు. ముప్పై ఎనిమిదేళ్ళుగా ఆమె పని అదే. కాన్పు ఏ ఆసుపత్రిలో జరిగినా, తల్లీబిడ్డా ఇల్లు చేరిన మర్నాటి నుంచి సుశీలమ్మ రావలసిందే. బిడ్డను కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నూనె రాసి నీళ్ళు పోస్తుంది. తల్లికి ఒళ్ళంతా మర్దన చేసి, వేన్నీళ్ళు పోసి, సాంబ్రాణి పొగ వేసి, ఆఖరున ఒక పాత నూలు చీర తీసుకుని పొట్ట చుట్టూ బిగించి కడుతుంది. జారిన పొట్ట వెనక్కి పోవడానికి ఆ కట్టు. కట్టేటప్పుడు తన మోకాలు బాలింత నడుముకు ఆనించి మరీ లాగుతుంది. "ఊపిరాడతలేదు సుశీలవ్వా" అని ఏ పిల్లయినా మొత్తుకుంటే, "ఊపిరాడకుంటే గింత లొల్లి ఎట్ల జేస్తున్నవే?" అని ఇంకో చుట్టు బిగిస్తుంది. నలభై రోజుల్లో పొట్ట ఎక్కకపోతే తన పేరు మార్చుకుంటానని పందెం కాసేది. ఇన్నేళ్ళలో పేరు మార్చుకునే అవసరం రాలేదు. అందుకే ఆమెకు తన చేతుల మీద అంత గురి. ఆ గురే కొంప ముంచింది.

ఆమెకు ఒక్కడే కొడుకు, మొగులయ్య. నలభై ఆరేళ్ళవాడు, బస్సు డిపోలో మెకానిక్. డిపోలో అతను నలుగురిలో ఒకడు. బోనాల నాడు మాత్రం బస్తీ అంతటికీ పోతరాజు. చొక్కా లేకుండా నిలువెల్లా పసుపు పూసుకుని, నడుముకు వేపమండలు చుట్టుకుని, కాళ్ళకు గజ్జెలు, చేతిలో కొరడాతో బోనాల ముందు ఎగురుతూ నడవాలి. ఆ ఒక్క రోజు అతను అమ్మవారి తమ్ముడు. వయసులో పెద్దవాళ్ళు కూడా వంగి కాళ్ళు మొక్కుతారు. ఆ హక్కు ఆ ఇంటిదే. తాత ఎగిరాడు, తండ్రి ఎగిరాడు, ఇరవై రెండేళ్ళుగా మొగులయ్య ఎగురుతున్నాడు.

పోతరాజంటే బక్కగా ఉంటే ఎవరూ ఒప్పుకోరు. అలాగని బండలా ఉండాలి గాని బస్తాలా ఉండకూడదు కదా. మొగులయ్య నూట ముప్పై నాలుగు కిలోలకు వచ్చాడు. ఆపైన షుగరు. కిందటేడు బోనాలకు సగం ఊరేగింపు కాకుండానే ఒక దుకాణం అరుగు మీద కూలబడ్డాడు. డప్పులు ఆగిపోయాయి. నెత్తిన బోనాలు పెట్టుకుని రెండు వందల మంది ఆడవాళ్ళు ఎండలో నిలబడ్డారు. అప్పుడు చిన్నాయన కొడుకు ఓదెలు ముందుకు వచ్చి, నీళ్ళు తాగించి, మెల్లగా చేతిలోంచి కొరడా తీసుకున్నాడు. వాడికి ముప్పై ఏళ్ళు, జిమ్ములో పెంచిన ఒళ్ళు. మిగతా ఏడు గల్లీలు వాడే ఎగిరాడు. బాగా ఎగిరాడు కూడా, అబద్ధమాడితే ఏం లాభం.

గుడి కమిటీ పెద్ద సత్యనారాయణ సారు మర్నాడే ఇంటికి వచ్చాడు. ఆయన చెడ్డవాడు కాదు. మెత్తగానే చెప్పాడు.

"మొగులయ్యా, అమ్మవారి పని ఆగొద్దు గదా. వచ్చే యేడు నువ్వే ఉండాలె అని మాకు గూడ ఉంది. నీతోని కాకపోతే మాత్రం ఓదెలుకు ఇచ్చుడే. ఏమనుకోకు."

ఒకసారి గడప దాటిన హక్కు తిరిగి రాదని సుశీలమ్మకు తెలుసు. ఆ రాత్రి ఆమెకు అన్నం సయించలేదు. భర్త పోయిననాడు కూడా ఆమె అంత కుంగిపోలేదు.

మొగులయ్య డిపో దవాఖానాలో విమలాదేవి మేడమ్ దగ్గరికి పోయాడు. ఆమె కాగితం మీద రాసి మరీ చెప్పింది.

"నెలకు రెండు మూడు కిలోలు తగ్గండి, అంతకు మించొద్దు. ఆత్రంగా తగ్గితే కొవ్వు పోతుంది గానీ తోలు అక్కడే వేలాడుతుంది. పప్పు, గుడ్లు, పెరుగు మానొద్దు. కొద్దికొద్దిగా బరువులెత్తండి. కండ ఉంటే తోలుకు పట్టు దొరుకుతుంది. ఎంత చేసినా కొంత సాగుతుంది, దానికి సిగ్గుపడాల్సిన పనిలేదు."

"మొత్తం ఎన్ని దినాలైతది మేడమ్?"

"రెండేళ్ళనుకోండి."

"నాకు పది నెల్లే ఉన్నయి," అని మొగులయ్య కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

పూటకొక జొన్నరొట్టె కాస్తా రోజుకొక జొన్నరొట్టె అయింది. గుడ్డు లేదు, పప్పు లేదు. పొద్దున నాలుగింటికే పెళ్ళాం భాగ్యశ్రీతో బయలుదేరేవాడు. ఆమెకు గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌లో దండలు గుచ్చే పని. ఆమెను అక్కడ దింపి, తను పరుగెత్తుకుంటూ తిరిగి వచ్చేవాడు. శివరాత్రి నాటికి ముప్పై ఎనిమిది కిలోలు తగ్గాడు. డిపోలో చప్పట్లు కొట్టారు. మొహం లాగేసి, మెడ సన్నబడి, పెళ్ళినాటి ఫొటోలోని మొగులయ్య కొద్దికొద్దిగా కనబడసాగాడు.

చొక్కా విప్పితే అసలు సంగతి తెలిసేది. పొట్ట మీది తోలు మూడు మడతలుగా జారి తొడల మీదికి వచ్చింది. రొమ్ములు ముసలమ్మ రొమ్ముల్లా వేలాడాయి. నల్లా దగ్గర స్నానం చేస్తుంటే ఓదెలు చూసి పకపకా నవ్వాడు.

"ఏందన్నా గిది? లోపల నువ్వే ఉన్నవా, ఎవరిదన్నా అంగీ తొడుక్కున్నవా?"

తమాషాకే అన్నాడు. కానీ ఆ మాటతో మొగులయ్య లోపలికి వచ్చి గోడకు తిరిగి కూర్చున్నాడు. బట్టలు కప్పుకుని చేసే పని అయితే ఏ బాధా లేదు. పోతరాజుకు ఒళ్ళే వేషం. ఊరంతటి ముందు ఈ తోలు ఊపుకుంటూ ఎగిరితే పిల్లలు కూడా నవ్వుతారు. లావుగా ఉంటే పనికిరాడన్నారు, తగ్గితే ఇలా అయింది.

"అవ్వా, గింత జేసి ఏం ఫాయిదా? ఓదెలుకే ఇచ్చెయ్యమని చెప్పొస్త," అన్నాడు.

సుశీలమ్మ కొడుకు చొక్కా ఎత్తి, మడతను రెండు చేతులా పట్టుకుని బరువు చూసింది. చూసి నవ్వింది.

"గింతకేనా ఏడుస్తున్నవ్? ముగ్గుర్ని కన్నదాని పొట్ట గింతకన్న అధ్వాన్నముంటది. నేను ఎక్కియ్యలేదా? నాలుగు నెల్లు నా కట్టుల ఉండు. బండ లెక్క జేస్త నిన్ను."

భాగ్యశ్రీ అడ్డం వచ్చింది. "అత్తమ్మా, బాలింత పొట్ట వేరే, గిది వేరే. ఒక్కసారి ఆ మేడమ్‌ని అడుగుదం."

"మీ మేడమ్ ఎంతమంది పొట్టలు ఎక్కిచ్చిందే? పెద్ద ఉద్యోగాలోళ్ళు, కాగితాలు రాసుడొక్కటే ఎర్క వాళ్ళకు."

నా కోడీ నా కుంపటీ లేకపోతే ఊరికి తెల్లవారదని నమ్మిన ముసలమ్మ సామెత ఊరికే పుట్టలేదు. బాలింత పొట్ట కట్టు కట్టినా కట్టకపోయినా చాలావరకు దానంతట అదే ఎక్కుతుంది. దేవుడు చేసే పనికి సుశీలమ్మ చీర పేరు తెచ్చుకుంది. ఆ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు, చెప్పినా వినేది కాదు.

అప్పటి నుంచి రాత్రీపగలూ కట్టే. స్నానానికి ఒక్కసారి విప్పడం, మళ్ళీ మోకాలు ఆనించి బిగించడం. డిపో చొక్కా కింద అది ఎవరికీ కనబడలేదు. మొగవాడికి బాలింత కట్టు అని తెలిస్తే కార్వాన్ అంతా కడుపుబ్బ నవ్వుతుంది కాబట్టి ఇంట్లో ముగ్గురికి తప్ప నాలుగో మనిషికి తెలియనివ్వలేదు. ఎండాకాలం వచ్చింది. బస్సుల కింద పడుకుని పనిచేస్తుంటే కట్టు చెమటతో నానిపోయేది. ఇంటికి వచ్చేసరికి ఒంటికి అంటుకుని ఉండేది. అయినా చొక్కా వేసుకుంటే నిటారుగా, గట్టిగా కనబడేవాడు. సత్యనారాయణ సారు గల్లీలో ఎదురుపడి భుజం తట్టాడు. "మస్తుగైనవ్ మొగులయ్యా. ఈ యేడు నువ్వే." సుశీలమ్మ ఆ మాటను పదిమందికి చెప్పింది.

ఆషాఢం వచ్చింది. పోతరాజు ఆ నెల నియమంగా ఉండాలి, వేరుగా చాప మీద పడుకోవాలి. బోనాలు పదిరోజులున్నాయనగా, పొద్దున భాగ్యశ్రీ మార్కెట్‌కు పోయాక, తల్లి కట్టు విప్పుతుంటే మొగులయ్య పళ్ళు బిగపట్టాడు.

"అవ్వా, కింద మస్తు మండుతుంది."

ఆమె ఆఖరి మడత పైకెత్తింది. అరచేతంత మేర తోలు ఎర్రగా పచ్చిగా ఒరుసుకుపోయి ఉంది. ఒక అంచున నల్లబడింది. వాసన వచ్చింది. షుగరు మనిషికి పుండంటే ఏమిటో ఆమెకు తెలియనిది కాదు, ఆమె పెనిమిటి కాలి వేళ్ళు తీయించుకునే పోయాడు.

ఆమె చాలాసేపు మడత అలాగే పట్టుకుని కూర్చుంది. దవాఖానాకు తీసుకుపోతే పడుకోబెట్టుకుంటారు. పండుగ పోతుంది. కట్టు మానేసినా పది రోజుల్లో తోలు జారిపోతుంది, పడ్డ కష్టమంతా నీళ్ళపాలు. ఓదెలు ఎక్కడో డప్పుకు అడుగులు వేస్తున్నట్టే అనిపించింది ఆమెకు.

"పది దినాలు ఓర్సుకుంటవా బిడ్డా? పండుగ తెల్లారే పోదం దవాఖానకి. నేనే తీస్కపోత."

మొగులయ్య తల్లి మొహంలోకి చూశాడు. ఆమె పోదామంటే అప్పుడే లేచి వచ్చేవాడు. ఆ సంగతి ఆమెకూ తెలుసు.

"నువ్వెట్లంటే గట్లనే అవ్వా," అన్నాడు.

వేపనూనెలో పసుపు కలిపి పుండులో కూరి, మీద గుడ్డ వేసి, మళ్ళీ బిగించింది. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని కోడలికి చెప్పలేదు. ఇంట్లో వాసన తెలియకుండా రోజూ రెండు పూటలా సాంబ్రాణి వేసింది. "నియమం గదా," అంది భాగ్యశ్రీ అడిగితే.

బోనాల ఆదివారం పది గంటలకు ఆమె స్వయంగా కొడుకుకు పసుపు పూసింది. కట్టు చీరను ముందురోజే పసుపు నీళ్ళలో ముంచి ఆరేసింది. పసుపు ఒంటి మీద పసుపు గుడ్డ, దాని మీద వేపమండలు, కింద ఎర్ర ధోతి. ఎక్కడ ఒళ్ళో ఎక్కడ గుడ్డో దగ్గరికొచ్చి చూసినా తెలియదు. పొట్ట రాయిలా ఉంది. ఇరవై రెండేళ్ళలో అంత అందమైన పోతరాజును ఆ బస్తీ చూడలేదు.

గడప దగ్గర నిలబెట్టి, బొట్టు పెట్టడానికి నుదుటి మీద వేలు ఆనించింది. వేలు కాలింది.

ఆ వేడి ఏమిటో సుశీలమ్మకు వెంటనే తెలిసింది. పురిటి జ్వరం పట్టిన ఆడవాళ్ళను ఆమె తన చేతులతో తాకింది. లోపల చీము పట్టినప్పుడు వచ్చే వేడి వేరు. దానితో పాటు పళ్ళు టకటకలాడించే వణుకు వస్తుంది, చూపు నిలవదు. ఈ పనిలోకి వచ్చిన కొత్తలో బేబీ అనే పిల్ల ఆమె కళ్ళముందే పోయింది. ఆ తర్వాత ఎవరి నుదురు అలా కాలినా ఆమె ఒక్క క్షణం ఆగలేదు. "స్నానం లేదు, పానం లేదు, ఆటో పిలువుండ్రి" అని మొగవాళ్ళను తిట్టి పంపించేది. అలా నలుగురిని బతికించింది. ఆ నలుగురూ ఇప్పటికీ ఎదురుపడితే చేతులెత్తి దండం పెడతారు.

ఇప్పుడూ అలాగే అనబోయి ఆమె నోరు తెరిచింది. సరిగ్గా అప్పుడే గడప బయట డప్పులు మొదలయ్యాయి. మొగులయ్య ఒళ్ళంతా ఒక్కసారిగా వణికింది. కళ్ళు పైకి పోయాయి. పళ్ళు కొట్టుకున్నాయి.

"వచ్చింది! తల్లి వచ్చింది!" అని ఆడవాళ్ళు కేకలు పెట్టారు. బిందెలతో నీళ్ళు తెచ్చి కాళ్ళ మీద పోశారు. సత్యనారాయణ సారు చెప్పులు విడిచి వంగి దండం పెట్టాడు. ఓదెలు, అదే నల్లా దగ్గర నవ్విన ఓదెలు, బురదలో సాష్టాంగం పడ్డాడు. అది చూశాక సుశీలమ్మ నోరు మూసుకుంది. ఆమె గుండెలో భయం ఎంత ఉందో సంబరం కూడా అంతే ఉంది. ఈ మాట రాయడానికి నాకు బాధగా ఉంది గానీ, ఉన్నదది.

మొగులయ్య ఎగిరాడు. వణుకు వచ్చినప్పుడల్లా జనం ఇంకా గట్టిగా అరిచారు. డప్పులు ఇంకా జోరందుకున్నాయి. రెండు గల్లీలు తిరిగి ఊరేగింపు మళ్ళీ ఇంటి మూల మీదికి వచ్చేసరికి పన్నెండు దాటింది. సుశీలమ్మ కొడుకు కాళ్ళ మీద నీళ్ళు పోయడానికి చెంబుతో ముందుకు వచ్చింది. మొగులయ్య కొరడా దించి, వంగి, ఆమె చెవిలో ఏదో అన్నాడు. డప్పుల హోరులో పక్కనున్న వాళ్ళకు కూడా వినబడలేదు. సుశీలమ్మ అతని చెంప తడిమింది. చుట్టూ జనం వైపు చూసింది.

"ఇంకొక్క గల్లీ బిడ్డా," అంది. "ఒక్క గల్లీ."

మొగులయ్య తలాడించి లేచాడు.

సాయంత్రం ఆరున్నరకు గుడి ముందు పడిపోయాడు. అప్పుడు కూడా పావుగంట సేపు హారతులిచ్చారు. భాగ్యశ్రీ జనాన్ని తోసుకుని వచ్చి, మొగుడి చేయి పట్టుకుని, "గిది పూనకం గాదు, మనిషి కాలిపోతుండు" అని అరిస్తే గానీ ఎవరూ కదల్లేదు.

పెద్దాసుపత్రిలో కట్టు విప్పబోతే రాలేదు. కత్తెరతో కోశారు. ఆఖరి పొర తోలుతో పాటు ఊడింది. నర్సు మొహం పక్కకు తిప్పుకుంది. పొట్ట కింద భాగమంతా నల్లగా, మెత్తగా అయిపోయి ఉంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని నవ్వుతూ చెప్పుకుంటాం, నిజంగా ఊడినప్పుడు చూసినవాళ్ళు నవ్వరు.

"ఇది ఎవరు కట్టారు?" అని అడిగాడు డాక్టరు.

మొగులయ్యకు అప్పుడింకా తెలివి ఉంది. "నేనే కట్టుకున్న సార్," అన్నాడు.

డాక్టరు వెనక వైపు బిగించిన ముడి చూశాడు, గోడకు ఆనుకుని నిలబడిన ముసలామెను చూశాడు. బయటికి వచ్చి భాగ్యశ్రీతో, "పొద్దున తెచ్చి ఉంటే కుళ్ళిందంతా కోసి తీసేవాళ్ళం. విషం రక్తంలోకి పోయిందమ్మా. ఇప్పుడు చేసేది చేస్తాం," అన్నాడు. కోశారు కూడా. మంగళవారం మధ్యాహ్నం మొగులయ్య పోయాడు.

ఐదో రోజు సత్యనారాయణ సారు, ఓదెలు, కమిటీ వాళ్ళు ఇంటికి వచ్చారు. గల్లీ ఆడవాళ్ళు గోడ వెంబడి కూర్చుని ఉన్నారు. భాగ్యశ్రీ ఒక మూల మోకాళ్ళ మీద తల పెట్టుకుని ఉంది. సారు కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.

"సుశీలమ్మా, గిసుంటి చావు ఎవరికొస్తది చెప్పు. అమ్మవారు తమ్ముణ్ణి ఎంబడే తీస్కపోయింది. గుడి గోడకు మొగులయ్య పటం పెడుతున్నం. కొరడా మీ ఇంట్లనే ఉంటది, ఓదెలుకు ఇయ్యం. ఓదెలే వద్దన్నడు."

"అన్న కాలిగోటికి సరిపోను నేను," అన్నాడు ఓదెలు.

సుశీలమ్మ ఏ హక్కు కోసం అంతా చేసిందో అది ఇంట్లోనే నిలిచింది.

"ఒక్క మాట," అన్నాడు సారు. "ఆ రోజు మూల మీద అమ్మవారు మొగులయ్య నోట నీ చెవుల ఏదో పలికింది. అందరం చూసినం. వానలని ఒకరు, రోగాలని ఒకరు, బస్తీల ఏదేదో అనుకుంటున్నరు. తల్లి వాక్కు దాచొద్దు. ఏం జెప్పింది?"

ఆడవాళ్ళు ముందుకు జరిగారు. భాగ్యశ్రీ తలెత్తింది.

"అవ్వా, సలి పెడుతుంది, ఇంటికి పోదమన్నడు," అంది సుశీలమ్మ.

సారు ఓదెలు వైపు చూశాడు. "దుఃఖంల ఉంది పాపం," అని గొణిగాడు.

"దుఃఖం గాదు సారూ. అది పూనకం గాదు, జరం. బొట్టు పెట్టంగనే ఎర్కైంది నాకు. పది దినాల సంది పుండు గూడ ఎర్కే. నేనే కట్టిన, నేనే దాసిన."

కమిటీ వాళ్ళు ఒకరి తర్వాత ఒకరు లేచారు. ఓదెలు గడప దగ్గర ఒకసారి ఆగి వెళ్ళిపోయాడు. గల్లీ ఆడవాళ్ళు కొంగులు సర్దుకుని బయటికి నడిచారు. వాళ్ళలో ఆమె చేతి కట్టు కట్టించుకోని మనిషి ఒక్కతె కూడా లేదు.

ఇంట్లో ఇద్దరే మిగిలారు. భాగ్యశ్రీ గొంతు ఐదు రోజుల ఏడుపుతో బొంగురుపోయి ఉంది.

"ఇంటికి పోదమంటే నువ్వేమన్నవ్ అత్తమ్మా?"

"ఇంకొక్క గల్లీ అన్న."

భాగ్యశ్రీ తల తిప్పి అత్త మొహంలోకి చూసింది.

"తర్వాత ఎన్ని గల్లీలు తిరిగిండు?"

సుశీలమ్మ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, గుడి దాకా ఒక్కొక్క గల్లీ పేరూ లోపల చెప్పుకుంటూ వేళ్ళు మడిచింది.

"తొమ్మిది," అంది.